ప్యానెళ్లు పనిచేశాయి, డీజిల్ తగ్గలేదు: మాల్దీవుల్లో ఒక దీవి పవర్‌హౌస్ కేసు

150 కిలోవాట్ల సోలార్ పెట్టిన ఒక చిన్న దీవిలో, 21 శాతం తగ్గాల్సిన డీజిల్ ఏడాది తిరిగేసరికి 4 శాతమే తగ్గింది. ప్యానెళ్లలో లోపం లేదు, ఎండకు కొరత లేదు. తప్పు లెక్కలో ఉంది. ఇలాంటి లెక్కే ఇంకా చాలా ప్రతిపాదనల్లో కనిపిస్తోంది కాబట్టి ఈ కేసును వివరంగా రాయడం అవసరం అనిపించింది. దీవి పేరు, అటోల్ (అది ఉన్న పగడపు దీవుల గుంపు) పేరు, సరఫరాదారుల వివరాలు వదిలేశాను. అంకెల్ని గుర్తు పట్టే వీలు లేకుండా దగ్గరి పూర్తి సంఖ్యలకు సర్దాను.

నేపథ్యం

మాల్దీవుల్లో దాదాపు 1,200 దీవులు ఉంటే, స్థానిక జనం ఉండేవి రెండు వందలకు లోపే. జనం ఉన్న దీవుల్లో చాలావాటికి సొంత పవర్‌హౌస్ ఉంటుంది, డీజిల్ ఓడలో వస్తుంది. మన ఊళ్లో ఒక లైన్ పోతే పక్క సబ్‌స్టేషన్ నుంచి తీసుకుంటారు. అక్కడ పక్క లైన్ అనేది లేదు. చుట్టూ సముద్రమే. పవర్‌హౌస్ ఆగిందంటే మంచినీళ్ల ప్లాంటు, హెల్త్ సెంటర్, చేపల ఐస్ ప్లాంటు అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఆపరేటర్ తీసుకునే ప్రతి నిర్ణయం వెనకా ఈ భయం ఉంటుంది. అది న్యాయమైన భయం.

2009లోనే ఆ దేశం కార్బన్ తటస్థత గురించి ప్రపంచానికి మాట ఇచ్చింది. భూమి చాలా భాగం సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తు కూడా లేని దేశానికి అది ప్రాణాల మీది సంగతి. బయటి దీవుల్లో డీజిల్‌తో సోలార్‌ను జత చేసే పెద్ద కార్యక్రమాలు ఆ తర్వాత వచ్చాయి.

ఈ దీవిలో సుమారు 1,400 మంది ఉంటారు. పవర్‌హౌస్‌లో మూడు డీజిల్ జనరేటర్ సెట్లు: 250, 200, 150 కిలోవాట్లవి. మూడోది పాతబడింది, గత్యంతరం లేనప్పుడే నడిపేవారు. రోజు వాడకం సుమారు 2,880 యూనిట్లు, అంటే సగటు లోడ్ 120 కిలోవాట్లు. తెల్లవారుజామున 80, మధ్యాహ్నం 130, రాత్రి 8 నుంచి 11 దాకా 175. ఒక సెట్ 24 గంటలూ నడిచేది. రాత్రి పీక్‌లో 5 గంటలు రెండో సెట్ తోడయ్యేది. రోజుకు సుమారు 890 లీటర్లు, యూనిట్‌కి 0.31 లీటర్లు.

స్కూలు, ఆఫీసు, హెల్త్ సెంటర్, పవర్‌హౌస్ కప్పుల మీద 150 కిలోవాట్ల ప్యానెళ్లు వచ్చాయి. రోజుకు 600 యూనిట్లు వస్తాయని అంచనా, అది సరైన అంచనాయే. ప్రతిపాదనలో 600ను 0.31తో గుణించి రోజుకు 186 లీటర్లు మిగులుతాయని రాశారు. పొరపాటు ఆ గుణకారంలోనే జరిగింది.

సగటు వేరు, అదనపు యూనిట్ ఖర్చు వేరు

డీజిల్ ఇంజిన్ తాగే ఇంధనంలో రెండు భాగాలున్నాయి. ఒకటి, లోడ్ ఏమీ లేకపోయినా 1,500 ఆర్‌పీఎంలో తిరగడానికే అయ్యేది. దీన్ని ఇక్కడ ఖాళీ ఖర్చు అంటాను. రెండోది, ఇచ్చే ప్రతి యూనిట్‌తో పాటు పెరిగేది. 250 సెట్‌కి ఖాళీ ఖర్చు గంటకు సుమారు 8 లీటర్లు, ఆపై యూనిట్‌కి 0.23 లీటర్లు. 200 సెట్‌కి ఖాళీ ఖర్చు గంటకు 6.5 లీటర్లు.

దీన్నిబట్టి 250 సెట్ నిండు లోడ్‌లో యూనిట్‌కి 0.26 లీటర్లు తాగుతుంది, 130 కిలోవాట్ల దగ్గర 0.29, 100 దగ్గర 0.31, 62 దగ్గర 0.36. సోలార్ వచ్చి ఇంజిన్ లోడ్ తగ్గించినప్పుడు మిగిలేది 0.23 చొప్పునే. ఖాళీ ఖర్చు పైసా తగ్గదు. ఇంజిన్‌ను ఆపితేనో, దాని చోట చిన్నది నడిపితేనో అది తగ్గుతుంది. అంటే మొత్తం 600 యూనిట్లూ వాడుకోగలిగినా మిగిలేది 138 లీటర్లే, 186 కాదు.

ఆ 600 కూడా వాడుకోలేకపోయారు. ఇంజిన్ లోడ్ 40 శాతం కంటే కిందికి పోకుండా కంట్రోలర్‌లో హద్దు పెట్టి ఉంది. 250లో 40 శాతం అంటే 100 కిలోవాట్లు. మధ్యాహ్నం లోడ్ 130. సోలార్‌కు మిగిలిన చోటు 30 కిలోవాట్లు. ఎనిమిది గంటలకు 240 యూనిట్లు, 55 లీటర్లు. మిగతా 360 యూనిట్ల ఎండను, ప్యానెళ్ల కరెంటును లైన్‌కి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్లు రోజూ వదిలేసుకుంటున్నాయి.

ఈ సంగతి బయటపడటానికే కొంత కాలం పట్టింది. డే ట్యాంకులో (ఇంజిన్ పక్కన రోజువారీ డీజిల్ ఉంచే చిన్న ట్యాంకు) గేజ్ కర్ర ముంచి చూసే పద్ధతిలో రోజుకు 50 లీటర్ల తేడా కనపడదు. ఇంజిన్‌కి వెళ్లే పైపులో ఒక మీటర్ పెట్టి చూశారు, అది అసలు వాడకం కంటే ఎక్కువ చూపించింది. ఇంజెక్టర్ల దాకా వెళ్లిన డీజిల్‌లో కొంత భాగం వేడెక్కి వెనక్కి ట్యాంకులోకే వస్తుంది మరి. చివరికి ఒక్కో సెట్‌కి విడి డే ట్యాంకు ఉంచి, పెద్ద ట్యాంకు నుంచి దానిలోకి నింపే పైపులో మీటర్ పెట్టారు. రిటర్న్ పైపు డే ట్యాంకులోకే వస్తుంది కాబట్టి మీటర్ చూపేది నికరంగా తాగింది. ఇంజిన్‌కి రెండు మీటర్లు పెట్టి తీసివేయడం కంటే ఇది చవక, నమ్మకం కూడా ఎక్కువ.

మొదటి ప్రయత్నం: హద్దు తగ్గించడం

ఖర్చు లేని మార్గం కాబట్టి ముందు దీన్నే చేశారు. 40 శాతం హద్దును 25కి దించారు. సోలార్‌కు 68 కిలోవాట్ల చోటు దొరికింది. కాగితం మీద రోజుకు 100 లీటర్ల పైన మిగలాలి. రెండు చోట్ల దెబ్బ తగిలింది.

మొదటిది ఇంజిన్‌లో. ఆరు వారాల్లో ఎగ్జాస్ట్ జాయింట్ల దగ్గర నల్లటి జిగట కారడం మొదలైంది. తక్కువ లోడ్‌లో సిలిండర్ తగినంత వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలక టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే భాగం) దాకా మసి పేరుకుంటుంది. రోజులో ఆరేడు గంటలు తక్కువ లోడ్ ఉన్నంత మాత్రాన ఇలా కానక్కరలేదు. రాత్రి అదే ఇంజిన్ 70 శాతం లోడ్‌లో నడిస్తే మసి చాలావరకు కాలిపోతుంది. కానీ పగలంతా ఇబ్బంది పడిన సెట్‌కి విశ్రాంతి ఇద్దామని ఆపరేటర్లు సాయంత్రం దాన్ని ఆపి మిగతా రెండూ నడిపారు. మంచి ఉద్దేశంతో చేసిన పని, సరిగ్గా తిరగబడింది. పగలు తక్కువ లోడ్‌లో నడిచిన సెట్‌నే రాత్రి పీక్‌కి కూడా నడపాలి. ఈ ఒక్క మాట వాళ్లకు ముందు ఎవరూ చెప్పలేదు.

రెండోది కరెంటు పోవడం. రెండు నెలల్లో హార్బర్ ఫీడర్ (హార్బర్ వైపు కరెంటు తీసుకెళ్లే లైను) తొమ్మిది సార్లు ట్రిప్ అయింది. మబ్బుల వల్లే అని అందరూ అనుకున్నారు. వినడానికి సబబుగా ఉంది కాబట్టి ఎవరూ ప్రశ్నించలేదు. అర సెకనుకు ఒకసారి ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, మామూలుగా 50 హెర్ట్జ్) రాసే లాగర్ పెట్టాక, అది పట్టుకున్న వాటిలో సగానికి పైగా నిండు ఎండలో జరిగినవని తేలింది.

జరుగుతున్నది ఇది. ఐస్ ప్లాంటు 30 కిలోవాట్ల కంప్రెసర్ థర్మోస్టాట్ మీద ఆగుతుంది. లోడ్ ఒక్కసారి తగ్గేసరికి ఫ్రీక్వెన్సీ 50.6 హెర్ట్జ్‌కి ఎగురుతుంది. పెద్ద గ్రిడ్‌కి తగ్గట్టు వచ్చిన ఇన్వర్టర్ సెట్టింగ్ 50.5 దాటితే విడిపొమ్మంటుంది. అన్ని ఇన్వర్టర్లకూ అదే అంకె. ఒకే క్షణంలో 68 కిలోవాట్లు మాయమై ఇంజిన్ మీద పడతాయి. టర్బో అందుకునేలోపు ఫ్రీక్వెన్సీ 48.5 కిందికి జారుతుంది, అండర్‌ఫ్రీక్వెన్సీ రిలే ఫీడర్‌ను తెంచేస్తుంది. దేశమంత గ్రిడ్‌లో 30 కిలోవాట్ల మోటారు ఆగితే ఎవరికీ తెలియదు. దీవిలో అది మొత్తం లోడ్‌లో నాలుగో వంతుకు దగ్గర. జర్మనీ అంతటి దేశం కూడా 50.2 హెర్ట్జ్ దగ్గర సోలార్ అంతా ఒకేసారి విడిపోవాలన్న పాత నిబంధన వల్ల ప్రమాదం గుర్తించి, లక్షల ఇన్వర్టర్ల సెట్టింగులు మార్చుకోవాల్సి వచ్చింది.

ఆపరేటర్లు తమకు తెలిసిన జాగ్రత్త తీసుకున్నారు. ఆకాశంలో మబ్బు కనపడితే పగలు కూడా రెండో సెట్ స్టార్ట్ చేశారు. దాని ఖాళీ ఖర్చు ఎనిమిది గంటలకు 52 లీటర్లు. అంతటితో ఆగలేదు. రెండు సెట్లు నడుస్తుంటే రెండింటి హద్దులూ కలుస్తాయి: 62, 50 కలిపి 112 కిలోవాట్లు. సోలార్‌కు మిగిలింది 18. ఆ రోజు ఎండ మిగిల్చేది 33 లీటర్లు, రెండో సెట్ తాగేది 52. అంటే మబ్బు రోజుల్లో ఆ దీవి సోలార్ లేనప్పటికంటే ఎక్కువ డీజిల్ తాగింది. నైరుతి రుతుపవనం మే నుంచి నెలల తరబడి ఉండే చోట ఇలాంటి రోజులు కొన్నికావు. ఏడాది మొత్తానికి 4 శాతమే మిగలడం ఇందుకే.

ఆపరేటర్లు మాట వినడం లేదని, బలవంతంగా రెండో సెట్ ఆపించాలని ఒక సూచన వచ్చింది. దాన్ని పక్కన పెట్టడం సరైన నిర్ణయం. రాత్రి పన్నెండింటికి కరెంటు పోతే ఊరు వచ్చి తలుపు కొట్టేది వాళ్లదే. వాళ్ల భయానికి కారణం తీసేయకుండా అలవాటు మార్చమనడం కుదరదు.

వద్దన్న రెండు ప్రతిపాదనలు

ఇంకో 60 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టమన్నది ఒకటి. లక్ష్యం సోలార్ కిలోవాట్లలో రాసుకున్నారు కాబట్టి అది అందంగా కనిపించింది. ఉన్న ఎండలో సగానికి పైగా వదిలేస్తున్న చోట కొత్తగా వచ్చేదంతా వదిలేయడమే అవుతుంది.

రెండోది 500 యూనిట్ల బ్యాటరీ, పగటి ఎండను రాత్రికి దాచడానికి. దీని మీద చాలా చర్చ జరిగింది, ఎందుకంటే రోజుకు 360 యూనిట్లు వృథా అవుతున్న మాట నిజమే. కానీ ఆ వృథాకు మూలం పగలు నడిచే ఇంజిన్ మరీ పెద్దది కావడం. ఇంజిన్ చిన్నదైతే మిగులే ఉండదు, దాచడానికి ఏమీ ఉండదు. పైగా దాచి తీసిన ప్రతి యూనిట్‌లో పదో వంతు దాకా నష్టం. తప్పు పరిమాణం ఉన్న ఇంజిన్‌ను సరిదిద్దడానికి బ్యాటరీ కొనడం ఖరీదైన దారి.

పనిచేసినది

వరుస ముఖ్యం. డబ్బు ఖర్చు కానివి ముందు చేశారు, ఒక్కోదాని ఫలితం రెండు మూడు వారాలు మీటర్‌లో చూశాకే తర్వాతి దానికి వెళ్లారు.

ముందుగా ఇన్వర్టర్ సెట్టింగులు. ట్రిప్ హద్దులు 47, 53 హెర్ట్జ్‌లకు వెడల్పు చేశారు. 50.5 నుంచి 52 మధ్య పవర్‌ను క్రమంగా తగ్గించే డ్రూప్ ఆన్ చేశారు. మళ్లీ కలిసే సమయాన్ని ఒక్కో ఇన్వర్టర్‌కి ఒక్కోలా, 60 సెకన్ల నుంచి 5 నిమిషాల దాకా ఇచ్చారు, కలిశాక నిమిషానికి 10 శాతం చొప్పున పెరిగేలా. రెండు రోజుల పని, ఒక ల్యాప్‌టాప్. నిండు ఎండలో ట్రిప్‌లు ఆగిపోయాయి. ఇంజిన్ గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని నిలిపేది), ఫీడర్ రిలే సెట్టింగులను పక్కపక్కన పెట్టి చూడకుండా ఈ అంకెల్ని మాత్రం ఇంకో దీవికి ఎత్తిపెట్టకూడదు.

తర్వాత మంచినీళ్ల ప్లాంటు. ఉప్పునీటిని ఆర్‌వోతో మంచినీరు చేయడానికి ఇక్కడ ఘనపు మీటరుకు సుమారు 4 యూనిట్లు పడుతున్నాయి. రోజుకు 60 ఘనపు మీటర్లు, 240 యూనిట్లు. ట్యాంకు సాయంత్రానికి ఖాళీ అయ్యేది, ఫ్లోట్ స్విచ్ సరిగ్గా రాత్రి పీక్‌లో పంపుల్ని లేపేది. ఫ్లోట్‌కి టైమర్ జోడించి పంపింగ్‌ను ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా మార్చారు, అత్యవసర మట్టానికి మాత్రం ఫ్లోట్‌ను అలాగే ఉంచారు. మధ్యాహ్నం లోడ్ 170కి పెరిగింది, రాత్రి పీక్ 140కి దిగింది. ఎండను బట్టి ఆర్‌వోను ఆపుతూ లేపుతూ ఉండాలన్న ఆలోచన కూడా వచ్చింది. ఆగిన ప్రతిసారీ మెంబ్రేన్‌ను తయారైన మంచినీటితోనే కడగాలి, అధిక పీడనంలో పదేపదే స్టార్టయితే మెంబ్రేన్ ఆయుష్షు తగ్గుతుంది. ఒకే దఫాలో ఆరు గంటలు నడపడమే మంచిది.

మూడోది 100 కిలోవాట్ల కొత్త సెట్, పాత 150 చోట. దీని ఖాళీ ఖర్చు గంటకు 3.5 లీటర్లు. 30 శాతం హద్దు అంటే 30 కిలోవాట్లే, కాబట్టి సోలార్‌కు మధ్యాహ్నం 140 దాకా చోటు. వేడి, మురికి, కప్పుల వాలు కలిసి ఆ 150 కిలోవాట్ల ప్యానెళ్లు ఎప్పుడూ 115 దాటవు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఐస్ కంప్రెసర్ మోటారు నేరుగా స్టార్టయితే ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది, 250 సెట్ తట్టుకున్న ఆ కుదుపును 100 సెట్ తట్టుకోదు, లైట్లు మసకబారి కాంటాక్టర్లు (మోటార్లకు కరెంటు కలిపే స్విచ్చులు) పడిపోతాయి. సెట్ రాకముందే కంప్రెసర్‌కి, మోటారును మెల్లగా స్టార్ట్ చేసే సాఫ్ట్ స్టార్టర్ పెట్టారు.

చివరిది బ్యాటరీ. 120 కిలోవాట్లు, 120 యూనిట్లు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్, తనంతట తానే ఫ్రీక్వెన్సీని పట్టి నిలబెట్టగల ఇన్వర్టర్‌తో. దీని పని ఎండను దాచడం కాదు, రెండో సెట్ చేసే కాపలా చేయడం. ఛార్జ్ 70 నుంచి 90 శాతం మధ్య ఉంచుతుంది. మబ్బు పట్టి సోలార్ 115 నుంచి 20కి పడిపోతే ఇంజిన్ 100 దాకా ఎక్కుతుంది, మిగతా 50 బ్యాటరీ ఇస్తుంది. ఛార్జ్ 45 శాతానికి దిగితే 200 సెట్ తనే స్టార్టయి సింక్ అవుతుంది, అంటే లైన్‌తో లయ కలిపి చేరుతుంది. అంతకు ముందే చాలా మబ్బులు దాటిపోతాయి. రాత్రి 200 సెట్ ఒక్కటే నడుస్తుంది, అది ఆగిపోయినా ఇంకోటి ఎక్కేదాకా బ్యాటరీ దీవిని మోస్తుంది. ఆపరేటర్లతో ఇది చెప్పి ఊరుకోలేదు. ముందే ఊరికి తెలియజేసి, వాళ్ల చేతే నడుస్తున్న సెట్ బ్రేకర్ తెరిపించారు. లైట్లు ఆరలేదు. ఆ వారం నుంచి పగలు రెండో సెట్ ఎవరూ ముట్టుకోలేదు.

డీజిల్ పూర్తిగా ఆపేసి కొన్ని గంటలు బ్యాటరీ, సోలార్ మీదే నడపాలన్న ఉత్సాహం కొందరిలో ఉండింది. నేను వద్దన్న పక్షమే. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు జనరేటర్ తన సామర్థ్యానికి చాలా రెట్లు కరెంటు ఇచ్చి ఫ్యూజును కాల్చేస్తుంది. బ్యాటరీ ఇన్వర్టర్ ఒకటిన్నర రెట్లు ఇస్తే ఎక్కువ. వీధి పెట్టెల్లోని పాత ఫ్యూజులు దానికి కాలవు, తప్పు ఉన్న కేబుల్ అలాగే వేడెక్కుతూ ఉంటుంది. రక్షణ వ్యవస్థ మార్చకుండా ఇంజిన్ ఆపడం ప్రాణాలతో ముడిపడిన విషయం.

తర్వాత బయటపడినవి

మొదట సెట్ల మార్పిడి గడియారాన్ని బట్టి పెట్టారు: రాత్రి ఒంటిగంట నుంచి సాయంత్రం 5 దాకా 100 సెట్, మిగతా 8 గంటలు 200. రంజాన్ మొదలవగానే ఇది తప్పింది. పగలు టీ దుకాణాలు మూసి ఉంటాయి, ఆఫీసులు తొందరగా ముగుస్తాయి, ఊరు సహరీ (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనం) దాకా మేలుకొని ఉంటుంది. తెల్లవారుజామున 3 గంటలకు 110 కిలోవాట్ల లోడ్ చిన్న సెట్ మీద ఉంది, లోటు బ్యాటరీ మోస్తూ దిగిపోతోంది. అప్పటినుంచి లోడ్‌ను బట్టే మార్పిడి: ఇంజిన్ లోడ్ పది నిమిషాలు 90 దాటి ఉంటే పెద్దది, అరగంట 75 కింద ఉంటే చిన్నది. మబ్బు ఉన్న పగళ్లలో మాత్రం ముందు బ్యాటరీ ఛార్జ్‌ను చూస్తుంది. సంవత్సరానికి సరిపోయే లోడ్ పట్టిక ఏ దీవిలోనైనా కనీసం ఒక రంజాన్‌ను చూసి ఉండాలి.

ఉప్పు గాలి తన పని తాను చేసింది. వర్షం పడిన ఉదయాల్లో రెండు ఇన్వర్టర్లు, కరెంటు లీకవుతోందని చెప్పే ఇన్సులేషన్ అలారంతో ఆలస్యంగా లేచేవి. కప్పు మీద ఆనుకున్న కనెక్టర్లలో నీరు నిలిచి పచ్చగా తుప్పు పట్టింది. కేబుళ్లను కప్పుకి పైకి ఎత్తి కట్టి, రెండు వేర్వేరు తయారీల కనెక్టర్లు జత చేసిన చోట్లన్నీ మార్చారు. 304 రకం స్టీల్ బోల్టులకు మచ్చలు వచ్చాయి, ఆ ఊళ్లో ఉప్పును ఇంకా బాగా తట్టుకునే 316 రకం తప్ప వేరే ఆలోచన వద్దు.

ఏడాది మీటర్ లెక్కలో రోజుకు 890 లీటర్లు 675కి దిగాయి. సోలార్‌లో 570 యూనిట్లు వాడకంలోకి వచ్చాయి. మిగిలిన 215 లీటర్లను విడదీస్తే, ఎండ వల్ల 130, ఖాళీ ఖర్చు తగ్గడం వల్ల 115. అందులోంచి బ్యాటరీ నష్టాలు, దాని గది ఏసీ, చిన్న ఇంజిన్ యూనిట్‌కి కాస్త ఎక్కువ తాగడం కలిపి 30 పోయాయి. దాదాపు సగం ఆదా ఇంజిన్లు ఎలా నడుపుతున్నామన్న దాంట్లోంచే వచ్చింది. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే రోజుకు సుమారు 575 కిలోలు తగ్గింది.

ఇప్పుడు ప్యానెళ్లు పెంచాలన్న ప్రతిపాదన మళ్లీ బల్ల మీదికి వచ్చింది. ఈసారి లెక్క వేరు. మధ్యాహ్నం 140 కిలోవాట్ల చోటులో 115 నిండింది, 25 ఖాళీ. కాబట్టి 60 కాదు, 30 కిలోవాట్లు, జెట్టీ దగ్గరి గోడౌన్ కప్పు మీద. శుక్రవారాలు ఆఫీసులు మూసి ఉన్నప్పుడు అందులో కొంత వదిలేయక తప్పదని ముందే రాసి పెట్టారు. ఒక్కో యూనిట్‌కి మిగిలే డీజిల్ 0.31 అని కాదు, 0.24 అని వేశారు.